బోరు మారిస్తే.. బోనెక్కాల్సిందే!

పాత పిస్తోలుకు కొత్త తూటా.. చట్టమూ ఒప్పదు, ఉక్కూ ఒప్పదు
సినీ తుపాకుల లెక్క కూడా తేలాల్సిందే

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్: 2025 నవంబరు 11న జూబ్లీహిల్స్ శాసనసభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ఎన్నిక ఏదైనా సరే, నియమావళి అమల్లోకి రాగానే పోలీసు ఠాణాల్లో ఒక దస్త్రం దుమ్ము దులుపుకొని బల్ల మీదికి వస్తుంది. లైసెన్సు తుపాకులున్న వారి జాబితా అది. అందులో ఎవరి ఆయుధం జమ చేయించుకోవాలో, ఎవరికి మినహాయింపు ఇవ్వాలో పరిశీలన కమిటీ తేలుస్తుంది. పోలింగ్ ముగిశాక ఎవరి తుపాకీ వారి ఇంటికి చేరుతుంది. మళ్లీ ఎన్నిక వచ్చేవరకు ఆ దస్త్రాన్ని పట్టించుకునేవారు అరుదు.

లైసెన్సుదారుడి పేరు, చిరునామా, ఆయుధం రకం, దాని సంఖ్య. వీటితోపాటు మరో వివరం ఉంటుంది. అదే బోరు. అంటే గొట్టం లోపలి కొలత. ఏ తూటా అందులో పడుతుందో చెప్పే అంకె. తుపాకీ ఉన్నవారిలోనూ చాలామంది దీన్ని ఒక సాంకేతిక వివరంగానే చూస్తారు. నిజానికి లైసెన్సు ప్రాణమంతా ఆ అంకెలోనే ఉంది. తాతగారి నాటి పిస్తోలుకు గొట్టం మార్పించి వేరే తూటా వాడుకుంటే పోలేదా అనే ఆలోచన అక్కడక్కడా వినిపిస్తూనే ఉంటుంది. పాత తూటాలు దొరకకపోవడం, దొరికినా ధర మండిపోవడం ఇందుకు కారణాలు. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆచరణలో అది నేరుగా కారాగారానికి తీసుకుపోయే దారి.

అంకెల్లోనే అధికారం

మన దేశంలో తుపాకులు చట్టం దృష్టిలో రెండు జాతులు. నిషిద్ధ బోరు ఒకటి, నిషిద్ధం కానిది మరొకటి. సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్లు, .38, .455, .303 వంటి కొలతలు మొదటి కోవలోకి వస్తాయి. వాటికి అనుమతి ఇవ్వగలిగేది కేంద్ర హోంశాఖ మాత్రమే. .32, .22 వంటివి రెండో కోవ. హైదరాబాద్ నగరంలో వీటికి లైసెన్సు ఇచ్చే అధికారి పోలీసు కమిషనర్. అందుకే జూబ్లీహిల్స్ బంగళాల్లోని అల్మారాల్లో ఉండేది సాధారణంగా .32 బోరు రివాల్వరో, పిస్తోలో.

ఈ విభజన తెల్లదొరల కాలం నాటి భయం నుంచి పుట్టింది. సైన్యం తూటా ప్రజల తుపాకీలో పేలకూడదన్నదే దాని సారం. 20వ శతాబ్దం తొలినాళ్లలో .450 బోరు తూటాలను భారత్‌లోకి రానివ్వకుండా బ్రిటిష్ ప్రభుత్వం ఆపేసింది. వెంటనే ఇంగ్లండులోని తుపాకుల తయారీదారులు .470, .465, .475 అంటూ కొత్త కొలతలు సృష్టించి ఇక్కడి వేటగాళ్లకు అమ్ముకున్నారు. సైన్యం రైఫిలు .303 కాగా, పౌరులకు .315 బోరు రైఫిలు ఇవ్వడంలోని మర్మమూ ఇదే. తుపాకీ ఇంచుమించు ఒకటే, తూటా మాత్రం వేరు. బోరు అన్నది మన దేశంలో శతాబ్ద కాలంగా పాలనా వ్యవహారమే తప్ప కేవలం కమ్మరి పని కాదు.

ఆ అంకె ఎంత తేడా తేగలదో బాలీవుడ్ నటుడు సంజయ్‌దత్ ఉదంతం చెబుతుంది. 1993 ముంబయి పేలుళ్ల కేసులో ఆయన ఉగ్రవాద అభియోగాల నుంచి బయటపడ్డారు. ఏకే-56 రైఫిలు, 9 మిల్లీమీటర్ల పిస్తోలు ఉంచుకున్నందుకు ఆయుధ చట్టం మాత్రం వదల్లేదు. 2007లో ఆరేళ్ల శిక్ష పడగా, 2013 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని ఐదేళ్లకు తగ్గించింది. రెండూ నిషిద్ధ ఆయుధాలే కావడం గమనార్హం.

పాత సరుకుకు ఎందుకింత గిరాకీ?

1980ల మధ్య నుంచి సామాన్య పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు నిలిచిపోయింది. అంతకుముందు వచ్చిన వాల్తర్, కోల్ట్, వెబ్లీ వంటివే చేతులు మారుతూ వస్తున్నాయి. కొత్త సరుకు రాదు కనుక పాతదానికి లక్షల్లో ధర పలుకుతుంది. 50 ఏళ్ల కిందటి పిస్తోలు, నిన్న కొన్న కారుతో సమానమైన ధర పలకడం మరే దేశంలోనైనా వింతే.

స్వదేశీ తయారీ లేదని కాదు. కాన్పూరు కర్మాగారపు .32 రివాల్వరు ఎన్నో ఏళ్లుగా ఉంది. 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ సంస్థే ‘ప్రబల్’ పేరిట కొత్త .32 రివాల్వరును తెచ్చింది. బ్రిటన్ సంస్థ వెబ్లీ ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లాలో భాగస్వామితో కలిసి .32 రివాల్వర్లు తయారుచేయిస్తోంది. అయినా విదేశీ ముద్ర మీద మోజు తగ్గలేదు. ఆ మోజుతోనే చిక్కు మొదలవుతుంది. వారసత్వంగా వచ్చిందో, మరొకరి నుంచి కొన్నదో, చేతికొచ్చిన పాత పిస్తోలు తన లైసెన్సులోని బోరుకు సరిపడదు. లేదా సరిపడినా తూటాలు దొరకవు. అప్పుడు మార్పిడి ఆలోచన మొలకెత్తుతుంది.

పేర్లు తెచ్చే గందరగోళమూ తక్కువ కాదు. .32 రివాల్వరు తూటా, .32 పిస్తోలు తూటా ఒకటేనని అనుకునేవారు లేకపోలేదు. అంకె ఒకటే, తూటాలు వేరు. రివాల్వరు తూటాకు అడుగున స్పష్టమైన అంచు ఉంటుంది, పొడవూ ఎక్కువ. పిస్తోలు తూటాకు అంచు నామమాత్రం, పొడవు తక్కువ, పీడనం ఎక్కువ. 7.65 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే అది సాధారణంగా ఈ రెండో రకం. లైసెన్సులో రివాల్వరు అని ఒకరికి, పిస్తోలు అని మరొకరికి రాయడం వెనక కారణమిదే.

ఉక్కు చెప్పే మాట

చట్టాన్ని కాసేపు పక్కనపెడదాం. పాత పిస్తోలును మరో తూటాకు నమ్మకంగా పనిచేసేలా మార్చడం సాధ్యమేనా? కర్మాగారంలో సాధ్యమే. వాల్తర్ సంస్థ ఒకే నమూనా పిస్తోలును .22, .32, .380 కొలతల్లో తయారుచేసి అమ్మింది. అమెరికా సైన్యం .45 పిస్తోలుకు తగిలించుకునే .22 పరికరాలను కోల్ట్ సంస్థ 1930ల చివర్లోనే విపణిలోకి తెచ్చింది. ఖరీదైన తూటాలు వృథా కాకుండా చౌకగా సాధన చేయడమే దాని ప్రయోజనం. అంటే కొలత మార్పిడి అసాధ్యమైన విద్య ఏమీ కాదు.

అయితే ఆ మార్పిడి ఒక గొట్టంతో తీరేది కాదు. తూటా పేలినప్పుడు పుట్టే పీడనాన్ని తట్టుకోవాల్సింది గొట్టం ఒక్కటే కాదు. వెనక్కి జరిగే పైభాగం, దాన్ని ముందుకు తోసే స్ప్రింగు, ఖాళీ తొడుగును బయటకు లాగే కొక్కెం, తూటాలను వరుసగా అందించే మ్యాగజైన్.. ఇవన్నీ ఒకే తూటాను లెక్కలో పెట్టుకొని తూచినవి. .32 పిస్తోలు తూటాలో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి సుమారు 20 వేల పౌండ్లు. 9 మిల్లీమీటర్ల తూటాలో అది 35 వేల దాకా వెళ్తుంది. చిన్న పిస్తోళ్లలో గొట్టం వెనక తాళం లాంటి ఏర్పాటు ఉండదు. పైభాగపు బరువు, స్ప్రింగు బలమే ఆ పీడనాన్ని ఆపుతాయి. అలాంటి దానికి పెద్ద తూటా తగిలిస్తే లెక్క తప్పుతుంది. తొడుగు ఇంకా పీడనంలో ఉండగానే తలుపు తెరుచుకుంటుంది. ఆ పగిలిన ఇత్తడి పోయేది కాల్చినవాడి ముఖంలోకి.

తక్కువ పీడనపు తూటా పెడితే ప్రమాదం మరో రూపంలో వస్తుంది. పైభాగం పూర్తిగా వెనక్కి రాదు. తొడుగు ఇరుక్కుంటుంది. ఒక్కోసారి గుండు గొట్టంలోనే నిలిచిపోతుంది. అది చూసుకోకుండా మరోసారి మీట నొక్కితే గొట్టం చీలుతుంది. బిహార్‌లోని ముంగేర్ వంటి చోట్ల అక్రమంగా తయారై వచ్చే పిస్తోళ్లు, తపంచాలు వాడినవారి వేళ్లనే తీసుకుపోవడానికి కారణం అక్కడి పనివాళ్లకు చేతివాటం లేక కాదు. కర్మాగారంలో ప్రతి తుపాకీనీ మామూలుకంటే ఎక్కువ పీడనమున్న తూటాతో కాల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. దాన్నే ప్రూఫ్ పరీక్ష అంటారు. చాటుగా మార్చిన తుపాకీకి ఆ పరీక్ష ఉండదు. పదిసార్లు బాగానే పేలిందన్నది భరోసా కాదు. లోహంలో పగులు ఎక్కడ మొదలైందో కంటికి కనబడదు. నమ్మకం అనే మాట ఆ ముద్రకే తప్ప చేతి పనికి వర్తించదు.

ఏడేళ్ల నుంచి యావజ్జీవం

ఇక చట్టం సంగతి. 1959 ఆయుధ చట్టంలోని ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీని తయారుచేయడమే కాదు, మార్చడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం కూడా లైసెన్సు ఉన్నవారే చేయాలి. ఆరో సెక్షన్ గొట్టం పొట్టిచేయడాన్ని, బొమ్మ తుపాకీని నిజమైనదిగా మార్చడాన్ని మొదటి నుంచీ నిషేధించింది. 2019 సవరణ దీనికి మరో పదును పెట్టింది. ఒక కేటగిరీ ఆయుధాన్ని మరో కేటగిరీలోకి మార్చడం కూడా ఇందులో చేరింది. శిక్షనూ పెంచారు. అంతకుముందు మూడు నుంచి ఏడేళ్ల వరకు ఉండేది, ఇప్పుడు ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు ఉంది. మార్చిన తుపాకీ నిషిద్ధ బోరుదైతే, దాన్ని దగ్గర ఉంచుకున్నందుకే ఏడు నుంచి 14 ఏళ్లు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ సంఖ్య ముద్రించిన చట్రమే తుపాకీ. గొట్టం, పైభాగం విడి సామానుగా అంగట్లో దొరుకుతాయి. కొనుక్కొని ఇంట్లో బిగించుకోవచ్చు. అక్కడి వీడియోలు చూసి ఇదేదో గడియారం పట్టీ మార్చుకోవడమేనని ఇక్కడి యువకులు భ్రమపడితే చిక్కే. మన చట్టంలో విడిభాగం కూడా ఆయుధమే. విడిగా గొట్టం దొరికినా కేసే.

మరో కోణం నేర పరిశోధనకు సంబంధించింది. గొట్టం లోపలి మెలికలు గుండు మీద గీతలు వేస్తాయి. మీట నొక్కినప్పుడు సూది దెబ్బ తొడుగు మీద గుర్తు వదులుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాల వంటి చోట సూక్ష్మదర్శిని కింద ఈ గుర్తులు చూసే ఫలానా గుండు ఫలానా తుపాకీదేనని తేలుస్తారు. గొట్టం మారితే గీతలు మారతాయి. దస్త్రంలో ఒక తుపాకీ, ఘటనా స్థలంలో మరో తుపాకీ అవుతుంది. చట్టం మార్పిడిని తయారీతో సమానంగా చూడటానికి ఇది బలమైన కారణం. దీన్ని అతి కాఠిన్యం అనేవారున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం చట్టం పక్షానే నిలవాల్సి ఉంటుంది.

ఈ కొండల మీద పేలిన తుపాకులు

జూబ్లీహిల్స్, దాని పరిసరాలు తుపాకీ చప్పుడుకు కొత్త కావు. 2004 జూన్ 3 రాత్రి నటుడు నందమూరి బాలకృష్ణ నివాసంలో కాల్పులు జరిగి నిర్మాత బెల్లంకొండ సురేష్, ఆయనతో ఉన్న మరొకరు గాయపడ్డారు. బాలకృష్ణ అరెస్టయి బెయిలుపై బయటకు వచ్చారు. కేసు శిక్ష దాకా వెళ్లలేదు. వాడిన ఆయుధం కుటుంబ సభ్యుల పేరిట లైసెన్సు ఉన్నదేనన్నది నాడు వార్తల్లో ప్రముఖంగా వచ్చిన అంశం. 2011 జనవరి 3న మద్దెలచెరువు సూరిని యూసుఫ్‌గూడ ప్రాంతంలో కారులోనే కాల్చి చంపారు. ఆ కేసులో భానుకిరణ్‌కు 2018 డిసెంబరులో నాంపల్లి న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. 2014 నవంబరు 19న కేబీఆర్ పార్కు వద్ద ఓ ఔషధ సంస్థ ఉన్నతాధికారిపై పేలింది గ్రేహౌండ్స్ నుంచి మాయమైన ఏకే-47. నిందితుడు సాక్షాత్తూ పోలీసు కానిస్టేబులే.

ఈ మూడింటిలోనూ బోరు మార్పిడి ప్రసక్తి లేదు. అయినా ఇక్కడ ప్రస్తావించడానికి కారణముంది. ఇంట్లోని లైసెన్సు తుపాకీ, చీకటి బజారు తుపాకీ, సర్కారు తుపాకీ ఈ కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే కనిపించాయి. ఇంట్లో భద్రంగా ఉన్నదనుకునే ఆయుధం కూడా ఒక్క క్షణంలో సాక్ష్యపు వస్తువు అవుతుంది. ఆనాడు దాని గొట్టం, దస్త్రంలోని అంకె ఒకదానికొకటి సరిపోలకపోతే ఆ యజమాని చెప్పుకొనే సంజాయిషీ ఏదీ నిలవదు. ఆత్మరక్షణే అయినా సరే.

లైసెన్సు ఆయుధం యజమానినే గాయపరిచిన సంఘటనకు దూరం వెళ్లనక్కర్లేదు. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబయిలో హిందీ నటుడు గోవిందా చేతిలోని రివాల్వరు జారి పేలి, గుండు ఆయన కాలిలోకే దూసుకుపోయింది. అది ఏ మార్పూ చేయని తుపాకీయే.

తెర మీది తుపాకీ మాటేమిటి?

ఫిల్మ్‌నగర్‌కు ప్రత్యేకమైన ప్రశ్న ఇది. సినిమా తుపాకీ అంటేనే మార్పిడి. నిజమైన తుపాకీని గుండు లేని ఉత్తుత్తి తూటా పేల్చేలా మారుస్తారు. ఇందులోనూ ఉన్నది పాత చిక్కే. ముందుకు పోయే గుండు ఉండదు కనుక పీడనం నిలవదు, పైభాగం వెనక్కి కదలదు. అందుకే గొట్టంలో అడ్డు బిగించి వాయువును ఆపుతారు. అప్పుడే తుపాకీ వరుసగా పేలుతుంది, కెమెరా ముందు నిప్పు కనిపిస్తుంది. అలా మార్చినది పేరుకు సినిమా తుపాకీయే గానీ, దాని పునాది నిజమైన ఆయుధమే.

1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగు తెరకు కౌబాయ్ తుపాకీ పరిచయమైంది. ఇప్పుడు చిత్రీకరణల్లో రబ్బరు, ప్లాస్టిక్ నమూనాలు, గ్యాసుతో కదిలే బొమ్మలే ఎక్కువ. నిప్పు, పొగ, ఎగిరే తొడుగులు తర్వాత కంప్యూటరు గదిలో చేరతాయి. ఇది మంచి పరిణామమే. ఉత్తుత్తి తూటా కూడా ప్రాణం తీయగలదని హాలీవుడ్‌లో 1984లోనే తేలింది. నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ సరదాగా కణతకు ఆనించి పేల్చుకుని మరణించాడు. 1993 మార్చిలో ‘ది క్రో’ చిత్రీకరణలో బ్రాండన్ లీ ప్రాణం తీసింది గొట్టంలో ఇరుక్కుపోయి ఎవరూ గమనించని గుండు ముక్క. దాని వెనక ఉత్తుత్తి తూటా పేలడంతో అది నిజమైన గుండులా దూసుకొచ్చింది. 2021 అక్టోబరు 21న ‘రస్ట్’ చిత్రీకరణలో నకిలీ తూటాల్లో నిజమైనది కలిసిపోయి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయారు. ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల శిక్ష పడింది.

వీటన్నింటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది చిత్రీకరణ ముగిశాక జరిగేది. ఐరోపా అనుభవమే ఇందుకు ఉదాహరణ. స్లొవేకియాలో పాత సైనిక తుపాకులను ఉత్తుత్తి తూటాలు పేల్చేలా మార్చి, నాటకాలకు, సినిమాలకు పనికొస్తాయంటూ అమ్మేవారు. కొనుగోలుకు పెద్ద ఆంక్షలేమీ ఉండేవి కావు. వాటిని కొందరు తిరిగి నిజమైన తుపాకులుగా మార్చారు. 2015 జనవరి పారిస్ దాడుల్లో అలాంటివి బయటపడ్డాయి. దాంతో ఐరోపా సమాఖ్య 2017లో నిబంధన మార్చింది. ఉత్తుత్తి తుపాకీగా మారినా అది మొదట ఏ కేటగిరీదో ఆ కేటగిరీలోనే ఉంటుందని తేల్చింది. బ్రిటన్‌లో మరో రకం బెడద. టర్కీలో తయారైన ఉత్తుత్తి పిస్తోళ్లు నేరగాళ్ల చేతుల్లో నిజమైనవిగా మారుతున్నాయని తేలడంతో, 2025 ఫిబ్రవరిలో స్వచ్ఛందంగా అప్పగించే గడువు ఇచ్చి, ఆ తర్వాత వాటిని ఉంచుకోవడాన్నే నేరం చేశారు.

మన దగ్గర 2016 ఆయుధ నిబంధనలు సినిమా, నాటక, టీవీ నిర్మాణాలకు ఆయుధాలు అద్దెకిచ్చేవారిని లైసెన్సు పరిధిలోకి తెచ్చాయి. కాగితం మీద ఇది సరైన అడుగే. కానీ ఎన్నికల వేళ ఇంటి తుపాకీని వెదికి జమ చేయించే శ్రద్ధ, సెట్టు మీది ఆయుధాల పెట్టె మీద కనబడాలి. ఏ చిత్రానికి ఎన్ని వచ్చాయి, గొట్టంలో అడ్డు ఉన్నదా, ప్యాకప్ చెప్పాక ఎన్ని తిరిగి వెళ్లాయన్నది రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉండాలి. ఫిల్మ్‌నగర్‌కు 2023లో ప్రత్యేక పోలీసు ఠాణా వచ్చింది. ఫిల్మ్ ఛాంబర్ కూడా ఇక్కడే ఉంది. ఆ పుస్తకం అడగడానికి, చూపడానికి ఎవరూ చాలా దూరం నడవనక్కర్లేదు.

ఇక పాత పిస్తోలు ఇంట్లో ఉన్నవారికి దారి మూసుకుపోలేదు. అమ్మదలిస్తే 45 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలిపి, లైసెన్సు ఉన్న మరొకరికి అమ్మవచ్చు. ఆయుధాల డీలరు వద్దో, ఠాణాలోనో జమ చేయవచ్చు. 2019 సవరణ తర్వాత వారసత్వ ఆయుధంతో కలిపి ఒకరికి రెండే. తూటాలు దొరికే బోరులో కొత్తది కావాలంటే కమిషనర్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకొని, లైసెన్సులో ఆ మార్పు రాయించుకోవాలి. నెలలు పట్టవచ్చు. ఆఖరుకు దస్త్రంలోని ఆ గడిలో పాత అంకె కొట్టేసి కొత్త అంకె రాసి, పక్కన అధికారి సంతకం పడుతుంది. బోరు మార్చే పద్ధతి అదొక్కటే.